డేట్ ఆపే గోళీలు కూడా మందులే

పెళ్లిళ్ల నెల మొదలైందంటే మన బోరబండ మందుల షాపుల దగ్గర ఒక మాట తరచు వినబడుతుంది. "అన్నా, డేట్ ఆపే గోళీలియ్యి." ఎన్ని రోజులకు అని షాపతను అడుగుతాడు. పది రోజులకు అంటుంది ఆ చెల్లెమ్మ. కత్తెరతో పట్టీని కత్తిరించి, చిన్న కాగితపు కవరులో వేసి ఇస్తాడు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి. అంతటితో పని అయిపోతుంది. ఆమెకు తలనొప్పి జబ్బు ఉందా, ఎప్పుడైనా కాలి సిరల్లో రక్తం గడ్డకట్టిందా, ఎన్నాళ్ల బాలింత, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో పక్షవాతం వచ్చిందా అని ఎవరూ అడగరు. దగ్గు మందు కొనబోతే పొడి దగ్గా, కఫం పడుతోందా అని అయినా అడుగుతారు. ఈ గోళీలకు ఆ ఒక్క ప్రశ్న కూడా ఉండదు.

మా అభిప్రాయం ముందుగానే చెప్పేస్తాము. నెలసరిని వాయిదా వేసే మాత్ర హార్మోను మందు. డాక్టరు చీటీ మీద మాత్రమే ఇవ్వవలసిన మందు. దానివల్ల చాలా అరుదుగా మెదడుకు ముప్పు వస్తుంది. ఆ ముప్పు వచ్చినప్పుడు ప్రాణం నిలబడేది, ఆ మాత్ర వేసుకున్న సంగతి డాక్టరుకు ఎంత త్వరగా తెలిసింది అన్నదాని మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఆ సంగతే మన ఇళ్లలో ఎవరూ బయటికి చెప్పరు. ఆసుపత్రిలో కూర్చున్న మేము కూడా చాలాకాలం అడగలేదు.

కొన్నేళ్ల క్రితం జరిగిన ఒక సంగతి చెబుతాము. మనిషిని గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాము. ఇరవై ఆరేళ్ల సోదరి. ఇద్దరు పిల్లల తల్లి. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో హౌస్ కీపింగ్ పని. ఆడపడుచు పెళ్లి పెట్టుకున్నారు. పసుపు కొట్టడం దగ్గర నుంచి అప్పగింతల దాకా పెద్ద కోడలే ముందుండి అన్నీ చూసుకోవాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే తనకు డేట్ పడుతుందని తెలిసి, తెలిసిన వాళ్లు చెప్పిన మాత్రలు కొనుక్కుంది. వారం దాటాక తలనొప్పి మొదలైంది. పెళ్లి పనులు, నిద్ర లేదు, ఎండలో తిరుగుడు, అందుకే అనుకున్నారు. వీధిలోని ఆర్.ఎం.పి. నొప్పికి సూది వేశారు. రెండు రోజులు కాస్త తగ్గినట్టు అనిపించి మళ్లీ పెరిగింది. ఈసారి వాంతులు. పైత్యం అన్నారు. చూపు మసకగా ఉందంటే కళ్లద్దాలు పెట్టించుకోవాలేమో అన్నారు. పెళ్లయిన మర్నాడు పొద్దున ఇంట్లోనే ఫిట్స్ వచ్చి పడిపోయింది.

మన దగ్గరకే తెచ్చారు. ఏమైనా మందులు వాడుతోందా అని మా వాళ్లు అడిగారు. లేదు అన్నాడు భర్త. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయనకు నిజంగానే తెలియదు. మామూలు సి.టి. స్కాన్ తీయించాము. అందులో పట్టించుకోదగ్గది ఏమీ కనబడలేదు. ఫిట్స్ ఆగడానికి మందు ఇచ్చి పడుకోబెట్టాము. మర్నాటికి కుడి చెయ్యి బలం తగ్గింది. అప్పుడు అత్తమ్మను పక్కన కూర్చోబెట్టుకుని మా సిస్టర్ ఒకరు ఒక్కొక్కటీ అడుగుతూ పోతే, చివరికి ఆ ముసలావిడ అన్న మాట ఇది: "మందులేం లేవు సిస్టరమ్మా. డేట్ ఆపే గోళీలు ఏసుకుంది అంతే. గవి మందులెట్లయితయి?"

ఆ గంటలోనే పెద్దాసుపత్రికి పంపాము. అక్కడ మెదడులోని సిరలను చూపించే ఎం.ఆర్. వెనోగ్రామ్ తీశారు. మెదడు పైభాగం నుంచి చెడు రక్తాన్ని కిందికి తీసుకుపోయే పెద్ద సిరలో రక్తం గడ్డకట్టి ఉంది. రక్తాన్ని పలుచన చేసే సూదులు మొదలుపెట్టారు. ఆమె కోలుకుంది. చేతిలో కొద్దిపాటి తేడా మాత్రం చాలా నెలలు ఉండిపోయింది. ఒక రోజంతా పోగొట్టినది మేమే. భర్తనో అత్తమ్మనో తప్పు పట్టడానికి లేదు. 'మందులు' అన్న మాటతో అడిగితే ఈ గోళీలు జవాబులోకి రావని అప్పటికి మాకు తట్టలేదు.

అసలు ఈ మాత్ర ఏం చేస్తుంది? నెలసరి రావడానికి ముందు ఒంట్లో ప్రొజెస్టిరాన్ అనే హార్మోను తగ్గిపోతుంది. అది తగ్గగానే గర్భసంచి లోపలి పొర ఊడి రక్తస్రావం అవుతుంది. బయట నుంచి అలాంటి హార్మోనునే మాత్రగా ఇస్తూ ఉంటే పొర ఊడదు. ఆపిన రెండు మూడు రోజులకు వస్తుంది. దీనికి ఎక్కువగా వాడే మందు పేరు నోరెథిస్టిరాన్. 5 మిల్లీగ్రాముల మాత్ర, రోజుకు మూడుసార్లు, డేట్‌కు మూడు రోజుల ముందు నుంచి. మన షాపుల్లో రకరకాల కంపెనీల పేర్లతో దొరికేది చాలావరకు ఇదే.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఒంట్లోకి వెళ్లిన నోరెథిస్టిరాన్‌లో కొద్ది భాగం ఇథినైల్ ఈస్ట్రడయాల్‌గా మారుతుంది. కుటుంబ నియంత్రణ పిల్స్‌లో ఉండే ఈస్ట్రోజన్ అదే. రోజుకు 10 నుంచి 20 మిల్లీగ్రాముల నోరెథిస్టిరాన్ వేసుకుంటే, 20 నుంచి 30 మైక్రోగ్రాముల ఈస్ట్రోజన్ ఉన్న పిల్ వేసుకున్నట్టే అవుతుందని లెక్క. ప్రభుత్వం ఇచ్చే మాలా-ఎన్, మాలా-డి మాత్రల్లో ఉండేది 30 మైక్రోగ్రాములు. "అమ్మో, మాలా-డి వేడి చేస్తుంది, నాకొద్దు" అనే అక్కయ్యలే, పండక్కో పెళ్లికో ఈ గోళీలు ఏ బెరుకూ లేకుండా వేసుకోవడం మేము ఎన్నోసార్లు చూశాము.

ఈస్ట్రోజన్ పెరిగితే కాలేయం రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలను ఎక్కువగా తయారు చేస్తుంది, గడ్డకట్టకుండా చూసే పదార్థాలు తగ్గుతాయి. ఆరోగ్యంగా ఉన్న చాలామందికి దీనివల్ల ఏమీ కాదు. కొందరికి పుట్టుకతోనే రక్తం తేలిగ్గా గడ్డకట్టే స్వభావం ఉంటుంది. అది వాళ్లకూ తెలియదు. గడ్డ ఎక్కువగా కాలి సిరల్లో, ఊపిరితిత్తుల్లో వస్తుంది. ఎప్పుడో ఒకరికి మెదడు సిరల్లో వస్తుంది. బ్రిటన్‌లోని రోగుల రికార్డులను పరిశీలించి 1999లో లాన్సెట్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. నెలసరి బాధలకు చికిత్సగా ప్రొజెస్టిరాన్ జాతి మందులు వాడినవారిలో సిరల్లో గడ్డకట్టడం సుమారు 5 రెట్లు కనబడింది. తక్కువ మోతాదులో గర్భం రాకుండా వాడినవారిలో అంత తేడా లేదు. ఆ పరిశోధనలో కేసుల సంఖ్య చిన్నదే. అయినా అందులో కనబడిన మోతాదు తేడాను తేలిగ్గా తీసుకోకూడదు.

మన ఊరి లెక్కే చూద్దాం. బోరబండ నుంచి బస్సెక్కితే పంజగుట్టలో నిమ్స్ ఎంతో దూరం లేదు. అక్కడి నరాల విభాగంలో డాక్టర్ సుభాష్ కౌల్ గారి బృందం మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టిన రోగుల వివరాలను ఏళ్ల తరబడి ఒక రిజిస్టరులో రాసి పెట్టింది. 2002 నుంచి 2010 వరకు చేరిన 428 మంది వివరాలను 2012లో ప్రచురించారు. వారి సగటు వయసు 31 ఏళ్లు. పక్షవాతం అనగానే మనకు ముసలివాళ్లు గుర్తుకొస్తారు. ఇది సంపాదించే వయసులో, పిల్లలను ఎత్తుకునే వయసులో వచ్చేది. ఆ 428 మందిలో 49 మంది గర్భనిరోధక హార్మోను మాత్రలు వాడుతున్నవారు. స్త్రీలు మొత్తం 198 మంది. అంటే ఆ స్త్రీలలో దాదాపు ప్రతి నలుగురిలో ఒకరు. బాలింతలు 42 మంది. రక్తహీనత ఉన్నవారు 79 మంది. మా ఓ.పి.లో కూర్చున్న ఆడవాళ్లలో రక్తహీనత లేనివారిని వెతుక్కోవలసిన పరిస్థితి కనుక, ఈ చివరి అంకె దగ్గర మేము కాసేపు ఆగిపోయాము.

పూర్వం ఈ జబ్బు మన దేశంలో బాలింతల జబ్బుగానే పేరుపడింది. మదురైలోని డాక్టర్ శ్రీనివాసన్ గారు గర్భిణుల్లో, బాలింతల్లో మెదడు రక్తనాళాలు మూసుకుపోయిన 135 మందిని గురించి 1983లో రాశారు. పచ్చి బాలింతకు నీళ్లు ఎక్కువ తాగించకూడదు, ఒళ్లు నీరు పడుతుంది అనే ఆచారం మన పల్లెల్లోనూ, బస్తీల్లోనూ ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కాన్పు తర్వాత రక్తం గడ్డకట్టే స్వభావం ఎలాగూ ఎక్కువగా ఉంటుంది. దానికి నీళ్లు తాగకపోవడం తోడైతే రక్తం మరింత చిక్కబడుతుంది. నిమ్స్ లెక్కలో బాలింతల కంటే మాత్రలు వాడినవారు ఎక్కువ ఉన్నారు. కాలం మారినట్టుంది.

నీళ్ల మాట ఎందుకు ఎత్తామంటే, డేట్ ఆపే గోళీలు వేసుకునే రోజులే నీళ్లు సరిగా తాగని రోజులు కూడా. శుక్రవారాల ఉపవాసాలు, కార్తీక మాసం, తిరుపతి క్యూ లైను, రాత్రంతా బస్సు ప్రయాణం. దారిలో బాత్రూమ్ దొరకదని మన ఆడవాళ్లు గ్లాసు నీళ్లు ముట్టకుండా కూర్చుంటారు. మన సంఘ కుటుంబాల్లో ఉపవాస ప్రార్థనల రోజులూ అంతే. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నగర వైద్యులు 2009లో దీన్నే మరో రకంగా గమనించి రాశారు. రంజాన్ నెలలో తమ దగ్గరకు మెదడు సిరల్లో గడ్డతో వచ్చే స్త్రీల సంఖ్య మిగతా నెలల కంటే ఎక్కువగా ఉందని. నెలంతా రోజా విడవకుండా ఉండాలని అక్కడి స్త్రీలు హార్మోను మాత్రలు వేసుకుంటారు, పగలంతా నీళ్లు తాగరు. మతాలు వేరైనా మాత్ర ఒకటే, దాహం ఒకటే. మన బోరబండలో అన్ని మతాల ఇళ్లూ ఒకే గల్లీలో ఉంటాయి కాబట్టి ఇది ఎవరో ఒకరి ఆచారం అని పక్కన పెట్టడానికి లేదు.

ఇంతవరకు చదివి ఎవరైనా తమ కుటుంబ నియంత్రణ మాత్రలను చెత్తబుట్టలో వేస్తే అది మా తప్పే అవుతుంది. కాబట్టి ఇది జాగ్రత్తగా చదవండి. ఈ ముప్పు చాలా అరుదు. నెదర్లాండ్స్‌లో లెక్క తీస్తే, మెదడు సిరల్లో గడ్డ ఏడాదికి లక్ష మందిలో ఒకరిద్దరికి వచ్చింది. ఐరోపా మందుల సంస్థ 2013లో ఇచ్చిన అంచనా ప్రకారం, ఒంట్లో ఏ సిరలోనైనా సరే గడ్డకట్టడం మాత్రలు వాడని 10,000 మంది స్త్రీలలో ఏడాదికి ఇద్దరికి జరిగితే, మాలా రకం మాత్రలు వాడేవారిలో 5 నుంచి 7 మందికి జరుగుతుంది. వద్దనుకున్న గర్భం వస్తే ఆ గర్భంలో, బాలింతతనంలో గడ్డకట్టే ముప్పు అంతకంటే చాలా ఎక్కువ. పిల్లకూ పిల్లకూ మధ్య ఎడం కోసం డాక్టరు చూసి రాసిన మాత్రలు వాడుకునే సోదరి మంచి పనే చేస్తోంది. మానకండి. అనుమానం ఉంటే వచ్చి అడగండి.

మా అభ్యంతరం వేరు. ఎడం కోసం వేసుకునే మాత్రకు ఒక ప్రయోజనం ఉంది. దానికోసం ఆ చిన్న ముప్పును తెలిసి ఒప్పుకోవచ్చు. ఫంక్షను రోజున 'బయట' ఉండకూడదని వేసుకునే మాత్రతో ఆమె ఆరోగ్యానికి కలిసొచ్చేది ఏమీ లేదు. రక్తహీనత ఉన్న, తలనొప్పి జబ్బున్న, మొన్న మొన్నే కాన్పైన మనిషి కూడా ఎవరూ చూడకుండానే దాన్ని మింగుతోంది. కొందరికి దానితో పాటు రక్తస్రావం ఆపే ట్రానెక్సామిక్ ఆసిడ్ మాత్ర కూడా ఇచ్చి పంపుతున్నారు. ఒకటి రక్తాన్ని గడ్డకట్టించే వైపు నెట్టేది, రెండోది కట్టిన గడ్డను కరగనివ్వనిది. రెండూ కలిపి ఇవ్వవచ్చా లేదా అన్నది షాపు కౌంటరు దగ్గర తేల్చే విషయం కాదు.

ఎవరు వేసుకోకూడదు? కళ్ల ముందు మెరుపులు, వంకర గీతలు కనబడి ఆ తర్వాత ఒక పక్క తలనొప్పి వచ్చే మైగ్రేన్ ఉన్నవారు. ఇదివరకు ఎక్కడైనా రక్తం గడ్డకట్టినవారు, అమ్మకో అక్కకో చెల్లికో అలా జరిగినవారు. కాన్పై ఆరు వారాలు నిండనివారు. బి.పి. అదుపులో లేనివారు. ఆపరేషనై మంచం మీద ఉన్నవారు. 35 ఏళ్లు దాటి పొగ తాగే అలవాటున్నవారు. చుట్ట, బీడీ అలవాటున్న పెద్దమ్మలు మన బస్తీలో ఇంకా ఉన్నారు, నవ్వకండి. వీళ్లకు నెలసరి వాయిదా నిజంగా అవసరమైతే డాక్టరు వేరే మందు ఆలోచిస్తారు, లేదా వద్దని చెబుతారు.

ఇక ప్రమాద సూచన. తలనొప్పి రానివారు ఎవరుంటారు? కానీ ఈ తలనొప్పి వేరు. ఇంతకు ముందు ఎప్పుడూ ఇలా రాలేదు అని ఆ మనిషే చెబుతుంది. రోజురోజుకూ పెరుగుతుంది. పడుకుంటే, దగ్గితే, ముక్కితే ఎక్కువవుతుంది. తెల్లవారుజామున లేపేస్తుంది. మాత్ర వేస్తే గంట తగ్గి మళ్లీ మొదలవుతుంది. దానితో వాంతులు, చూపు మసకబారడం, ఒకటి రెండుగా కనబడటం. ఆ తర్వాత ఫిట్స్, ఒక పక్క చెయ్యి కాలు లాగేయడం, మాట తడబడటం, మగతగా పడుకోవడం. కొందరిలో చాలారోజులు తలనొప్పి ఒక్కటే ఉంటుంది. హార్మోను మాత్ర వేసుకుంటున్నవారికి, ఈమధ్యే ఆపినవారికి, బాలింతకు ఇలాంటి తలనొప్పి వస్తే మాత్ర ఆపి అదే రోజు ఆసుపత్రికి రండి. ఫిట్స్ వస్తే, మాట పడిపోతే 108కి ఫోన్ చేయండి. గాలి సోకిందని తాయెత్తుకు, పైత్యమని నిమ్మరసానికి, చూపు తగ్గిందని కళ్లద్దాల షాపుకు తిరిగి రోజులు పోగొట్టుకోకండి.

మామూలు సి.టి. స్కాన్‌లో ఏమీ లేదని వచ్చినా సంతోషపడి వెళ్లిపోకండి. ఈ జబ్బులో ఆ స్కాన్ బాగానే ఉన్నట్టు కనబడటం మామూలే. మేము అలాగే పొరబడ్డామని పైన చెప్పాము. సిరలను చూపే పరీక్ష వేరు. అది చేయించాలని డాక్టరుకు తట్టాలంటే మాత్ర సంగతి ఆయన చెవిన పడాలి. లేదా కంటి వెనక నరం వాపును ఆఫ్తాల్మోస్కోపుతో చూడాలి. ఖర్చు లేని ఆ పరీక్షను హడావుడి ఓ.పి.లో మేమూ చాలాసార్లు వదిలేస్తుంటాము.

చికిత్స విని బంధువులు భయపడుతుంటారు. మెదడులో కొద్దిగా రక్తం కారినట్టు స్కాన్‌లో కనబడితే, రక్తాన్ని పలుచన చేసే సూది ఎలా వేస్తారు అని గొడవ పడినవారు కూడా ఉన్నారు. వారి భయం మాకు అర్థమవుతుంది. కానీ ఆ రక్తం కారడానికి కారణం సిర మూసుకుపోవడమే. దారి తెరుచుకుంటేనే ఒత్తిడి తగ్గుతుంది. కనుక హెపారిన్ సూదులే దీనికి మొదటి చికిత్స. తర్వాత మాత్రలు మూడు నెలల నుంచి ఏడాది దాకా, కొందరికి ఇంకా ఎక్కువ కాలం. ఫలితం ఆశాజనకంగానే ఉంటుంది. అనేక దేశాల ఆసుపత్రులు కలిసి 624 మంది రోగులను గమనించి 2004లో ప్రచురించిన పరిశోధనలో, సుమారు 80 శాతం మంది పూర్తిగానో, చిన్న లోపంతోనో కోలుకున్నారు. సుమారు 8 శాతం మంది చనిపోయారు. ఒకసారి ఇలా జరిగినవారు ఈస్ట్రోజన్ ఉన్న మందు మళ్లీ ముట్టకూడదు. ఆ మాట పెద్ద అక్షరాలతో రాసి రేషన్ కార్డు పక్కన దాచుకోమని మేము చెబుతాము.

మూడు నెలలకోసారి వేసే సూది గురించి కూడా ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 'అంతర' పేరుతో 2017 నుంచి ఇస్తున్న మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ సూది అది. ఏడాదికి మించి ఆ సూది వాడినవారిలో మెదడు పొర మీద మెనింజియోమా అనే కణితి, ఆపరేషన్ చేయవలసినంతగా, 5.6 రెట్లు కనబడిందని ఫ్రాన్సు పరిశోధకులు 2024లో రాశారు. టీవీలో ఆ రెట్లే చెప్పారు. అసలు అంకెలు చూడండి. ఆపరేషన్ అయిన 18,061 మందిలో ఆ సూది వాడినవారు 9 మంది. ఆ కణితి చాలావరకు క్యాన్సర్ కాదు. ఇదివరకు మెనింజియోమా ఉన్నవారు ఆ సూది వేసుకోకూడదు. ఏళ్ల తరబడి వాడుతూ ఎడతెగని తలనొప్పి, చూపు లేదా వినికిడి మార్పు ఉన్నవారు చెప్పాలి. మిగతావారు ఈ వార్త చూసి సూది మానేసి, మరో పద్ధతి లేకుండా ఉండటం తెలివైన పని కాదు. హార్మోను లేనిదే కావాలంటే కాపర్-టి ఉంది, వారానికి వేసుకునే 'ఛాయ' మాత్ర ఉంది. ఆ మాత్ర మన లక్నో శాస్త్రవేత్తలు తయారు చేసిందే.

మగవారికి కూడా ఒక మాట. జిమ్‌లో కండల కోసం టెస్టోస్టిరాన్ సూదులు వేయించుకునే తమ్ముళ్లు ఈ ఐ.టి. కారిడార్‌లో తక్కువేమీ లేరు. అదీ హార్మోనే. రక్తాన్ని చిక్కబరుస్తుంది. సిరల్లో గడ్డకట్టే ప్రమాదముందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2014లోనే ఆ మందుల మీద హెచ్చరిక రాయించింది. నిమ్స్ లెక్కలోని 428 మందిలో 230 మంది మగవారే. వారిలో చాలామందికి కారణాలు వేరు, మద్యం వాటిలో ఒకటి. ఆడవాళ్ల జబ్బు అని మాత్రం అనుకోవద్దు.

మళ్లీ ఆ గోళీల దగ్గరకే వస్తాము. ఇంత చెప్పినా, పెళ్లి ముహూర్తం ఇంట్లో పెద్దలు పెడతారు, మాత్ర మాత్రం పిల్ల మింగాలి. ముహూర్తానికి నాలుగు తేదీలు చూస్తారు కదా, పెళ్లికూతురికి ఏ తేదీ అనువో ఒక్కసారి వాళ్ల అమ్మ ద్వారా అడిగితే ఏం పోతుంది? నెలసరిలో ఉన్న కోడలు వంటింట్లోకి రాకూడదన్న పట్టింపు తరతరాలది, ఒక్క వ్యాసంతో పోదని మాకు తెలుసు. కనీసం మన సంఘ కుటుంబాల్లో దీనికి ఆధారమేమిటో ఆలోచించాలి. పన్నెండేళ్లు రక్తస్రావంతో ఉన్న స్త్రీ అంతమంది జనంలో వచ్చి ప్రభువు వస్త్రపు అంచు ముట్టిన సంగతి ప్రతి ఆదివారపు బడి పిల్లకూ తెలుసు. ఆమెను ఎవరూ ముందు మాత్ర వేసుకుని రమ్మనలేదు. అయినా క్రిస్మస్ ఆరాధనకు, బాప్తిస్మపు దినానికి డేట్ ఆపించమని మా దగ్గరకు వచ్చే తల్లులున్నారు. కడుపునొప్పి ఎక్కువై కూర్చోలేదంటే అది వేరే సంగతి, దానికి మందు రాస్తాము. ఇంకెవరికో ఇబ్బందని అయితే, ఇంటికి పంపేస్తున్నాము. కొందరు కోపగించుకుని పక్క షాపుకే వెళుతున్నారని కూడా మాకు తెలుసు.

మందుల షాపు అన్నలను తిట్టి లాభం లేదు. వాళ్లు ఇవ్వకపోతే మోతీనగర్‌లో ఇంకొకరు ఇస్తారు. అయినా ఒక చిన్న కోరిక. చీటీ లేకుండా వచ్చినవారిని మూడు అడగండి: తలనొప్పి జబ్బు ఉందా, ఎప్పుడైనా రక్తం గడ్డకట్టిందా, కాన్పై ఎన్నాళ్లైంది. ఒక్కదానికి అవునన్నా, సందేహంగా చెప్పినా, వెనక్కి పంపండి. మా ఓ.పి.కి పంపినా సరే.

మేము మార్చుకున్నది కూడా చెప్పాలి. ఆ సోదరి కేసు తర్వాత మన ఆసుపత్రి ఓ.పి. చీటీలో 'వాడుతున్న మందులు' అన్న గడి కింద ఇంకో వరుస చేర్చాము. గత రెండు నెలల్లో డేట్ ఆపడానికి, డేట్ రావడానికి, పిల్లలు కలగడానికి, పిల్లలు వద్దని, కండల కోసం ఏమైనా గోళీలు గాని సూదులు గాని తీసుకున్నారా అని. చదువురాని వారిని సిస్టర్లు విడిగా కూర్చోబెట్టి, భర్త, అత్తమ్మ వినకుండా అడుగుతారు. ఆ వరుస చూసి మొదట్లో సిగ్గుపడినవారే ఇప్పుడు సంచిలోంచి ఖాళీ పట్టీ తీసి చూపిస్తున్నారు. మందు పేరు గుర్తు లేకపోతే మీరూ అలాగే ఆ పట్టీ పట్టుకుని రండి.